మతిమరుపును గమనించడం నేర్చుకుందాం – 2వ పాఠం: చేయి తిరిగిన పనిలో తడబాటు

మొదటి పాఠంలో ఒక నోటు పుస్తకం పెట్టుకోమన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఏం మర్చిపోయారో, ఏ రోజు, ఏ వేళకో రాయమన్నాను. ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో చూద్దాం.

కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం, మనవళ్ల పేర్లు తారుమారు కావడం, గదిలోకొచ్చి ఎందుకొచ్చానా అని ఆగిపోవడం. ఎక్కువగా ఇవే రాసి ఉంటారు. ఇవి అప్పుడప్పుడూ జరిగితే టెన్షన్ పడొద్దు. వయసుతో జ్ఞాపకం నెమ్మదిస్తుంది, కానీ కాసేపటికి అందుతుంది.

తేడా తెలియాలంటే కాస్త ఆసరా అందించి చూడాలి. నిన్న ఎవరొచ్చారో అమ్మకు గుర్తు రాలేదనుకోండి. "చిన్నత్తయ్య వచ్చింది కదమ్మా, మామిడిపళ్లు తెచ్చింది" అనండి. "అవునే, బంగినపల్లి. రెండు మెత్తబడ్డాయి కూడా" అంటే జ్ఞాపకం లోపల ఉంది, బయటికి రావడమే ఆలస్యమైంది. "ఎవరూ రాలేదే" అని గట్టిగా అంటే, అలాంటివి మళ్లీ మళ్లీ జరుగుతుంటే, పుస్తకంలో ఆ మాట కింద గీత గీయండి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో ముందుగా దెబ్బతినే మెదడు భాగాల్లో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలవాలంటే అది సరిగా పనిచేయాలి. అందుకే యాభై ఏళ్ల కిందటి పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే మనిషి పొద్దున తిన్న టిఫిన్ చెప్పలేకపోవచ్చు. "పాతవన్నీ గుర్తున్నాయి, ఆయనకేం కాలేదు" అనే ధీమాతో ఎన్నో కుటుంబాలు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్తున్నాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక అసలు పాఠం. ప్రతి మనిషికీ చేయి తిరిగిన పని ఒకటి ఉంటుంది. దాన్ని గమనించండి. పులిహోరలో అమ్మ ఒకరోజు ఉప్పు మర్చిపోతే అది లెక్కలోకి రాదు. వేసిన తాలింపే మళ్లీ వేయడం, చింతపండు పులుసు ఉడుకుతుంటే తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడిపోవడం రాసుకోవాల్సినవి. పండక్కి పది రకాలు చేసే మనిషి "ఓపిక లేదే" అంటూ పప్పు, అన్నంతో సరిపెడుతుంటే, నిజంగా ఓపిక లేకపోవచ్చు, పని వరుస తప్పిపోయి ఉండవచ్చు కూడా. పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. నాన్న సంగతికొస్తే డబ్బు లెక్కలు చూడండి. కట్టిన కరెంటు బిల్లు మళ్లీ కట్టడం, చీటీ వాయిదా తప్పడం, ఏళ్లుగా వాడుతున్న ఏటీఎం దగ్గర తికమక పడటం. ఎప్పుడూ లెక్కలు చూడని మనిషికి ఇవి వర్తించవు. ఎవరినైనా రెండు మూడేళ్ల కిందటి వాళ్లతోనే పోల్చాలి, పక్కింటి పెద్దాయనతో కాదు.

కొన్నిసార్లు మతిమరుపు కన్నా ముందు స్వభావం మారుతుంది. ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ జర్మన్ డాక్టరు ఆలోయిస్ ఆల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన రోగి ఆగస్టె డేటర్‌కు అప్పటికి 51 ఏళ్లే. ఆమెలో ముందుగా కనిపించింది భర్త మీద అనుమానం. వంటలో పొరపాట్లు కూడా వచ్చాయి. భోజనంలో కాలీఫ్లవర్, పంది మాంసం తింటూ, ఏం తింటున్నారని అడిగితే పాలకూర అని చెప్పింది. మన ఇళ్లలో అనుమానం చాలాసార్లు పనిమనిషి మీద పడుతుంది. గాజులు తామే బియ్యం డబ్బాలో దాచి, మర్చిపోయి, దొంగతనం జరిగిందంటారు. అప్పుడు వాదనకు దిగకండి. వస్తువు ఎక్కడ దొరికిందో మాత్రం రాయండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి వీడియో కాల్‌లో చూసుకునేవాళ్లకు ఒక మాట. "తిన్నారా, బాగున్నారా" అనే పలకరింపులు అలవాటు మీద వచ్చేస్తాయి, వాటితో ఏమీ తెలియదు. "మొన్నటి పెళ్లిలో ఎవరెవరు కలిశారు?" అని మామూలు కబుర్లలోలా అడగండి. జవాబు చెప్పకుండా ప్రతిసారీ నాన్న అమ్మ వైపు తల తిప్పుతున్నారా? ఆయన బదులు అమ్మే చెబుతోందా? ఇది డాక్టర్లు కూడా గమనించే గుర్తు.

ఒక్క జాగ్రత్త. రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంగా మారిపోతే పుస్తకం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మందుల ప్రభావం లాంటివి కారణం కావచ్చు. నెమ్మదిగా వచ్చే మార్పుల వెనక కూడా బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, వినికిడి తగ్గడం ఉండవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కాబట్టి ఇంట్లోనే ఇది అల్జీమర్స్ అని తేల్చేయకండి.

ఈ వారం అభ్యాసం: మీ పెద్దవాళ్లకు బాగా వచ్చిన పని ఒకటి ఎంచుకోండి. వాళ్లు చేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ చూడండి. పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు వద్దు, చిన్నబుచ్చుకుంటారు. ఎక్కడ ఆగారు, ఏది రెండుసార్లు చేశారు, మీరు అందిస్తే కొనసాగించారా లేదా, అంతా రాయండి. అదే పనిలో వాళ్లను ఎన్నాళ్లుగానో చూసిన పిన్నినో బాబాయినో "ఇంతకుముందు ఎలా చేసేవాళ్లు?" అని అడిగి పక్క పేజీలో రాసుకోండి. వచ్చే పాఠంలో ఈ రెండు పేజీలతో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి ఏం చెప్పాలో చూద్దాం. అక్కడ చేసే జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి, ఇంగ్లిష్ రాదని అమ్మ వెనకాడక్కర్లేదు.