హెల్సింకీలో ఒక్క రోజు: ఏం చూడాలి, ఏం తినాలి, ఏం కొనాలి?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో చూడదగ్గవి చాలావరకు రేవు చుట్టుపక్కలే ఉంటాయి. టాక్సీల జోలికి పోకుండా ఒక రోజులో హాయిగా తిరగొచ్చు. కాకపోతే వరస ముఖ్యం. పొద్దున్నే దీవి, మధ్యాహ్నం తిండి, తర్వాత ఊరు, చివర్లో కొనుగోళ్లు. ముందే కొనేస్తే ఆ సంచులన్నీ రోజంతా రాళ్లబాటల మీద మోయాలి. డిసెంబర్ చివర్లో వెలుతురు ఆరు గంటలైనా ఉండదు కాబట్టి వరస ఇంకా గట్టిగా పాటించాలి.

1. ముందు టికెట్

విమానాశ్రయం నుంచి ఐ, పీ అనే లోకల్ రైళ్లు అరగంటలో ఊరి నడిబొడ్డుకు చేరుస్తాయి. వాటికి ఏబీసీ జోన్ల టికెట్ కావాలి. ఊళ్లో తిరగడానికి ఏబీ చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే: ఏబీ టికెట్‌తో విమానాశ్రయం రైలెక్కి, తనిఖీలో దొరికి జరిమానా కడతారు. ఊరి రవాణా సంస్థ హెచ్ఎస్ఎల్ యాప్‌లోనో మెషీన్‌లోనో ఎక్కకముందే కొనండి, ట్రామ్ డ్రైవర్ టికెట్లు అమ్మడు. రోజంతా తిరిగేవాళ్లకు డే టికెట్టే నయం.

2. పొద్దున్నే సువోమెన్లిన్నా

కౌప్పతోరి అనే రేవు సంత దగ్గర సువోమెన్లిన్నా దీవికి వెళ్లే హెచ్ఎస్ఎల్ ఫెర్రీ ఎక్కండి. అదే టికెట్ చెల్లుతుంది, 15 నిమిషాల ప్రయాణం. పక్కనే ఉండే ప్రైవేటు పడవలకు వేరే డబ్బు కట్టాలి. 1748లో స్వీడన్ పాలనలో కట్టడం మొదలైన ఈ సముద్రకోటను యునెస్కో 1991లో వారసత్వ జాబితాలో చేర్చింది. నీలిగుర్తుల బాట పట్టుకుని చివరనున్న రాజద్వారం దాకా వెళ్లి రావడానికి రెండు మూడు గంటలు పెట్టుకోండి. సొరంగాల్లో చీకటి, ఫోన్ లైటు వేసుకోవాలి. ఎండాకాలంలోనూ గాలి కోసేస్తుంది, జాకెట్ మరవొద్దు.

3. సంతలో భోజనం

తిరిగొచ్చాక రేవు ఒడ్డునే ఉన్న వన్హా కౌప్పహల్లిలోకి వెళ్లండి. 1889 నాటి ఎర్ర ఇటుకల మార్కెట్ అది. అక్కడ లోహికెయిత్తో అడగండి: సాల్మన్ చేప, బంగాళదుంప, క్రీమ్, సోయికూర వేసిన సూపు, పక్కన రై అనే ధాన్యపు రొట్టె. కారం అస్సలుండదు, మిరియాలు చల్లుకోండి.

చేప తిననివాళ్లకు కార్యాలన్‌పీరక్క ఉంది. పల్చటి రై పిండి రేకులో పాలతో మెత్తగా ఉడికిన అన్నం పెట్టి, కజ్జికాయ అంచు మడిచినట్టు వేళ్లతో నొక్కి కాలుస్తారు. పరమాన్నంలా కనిపిస్తుంది గానీ తీపి ఉండదు. దానిమీద రాసే మునవోయి అంటే ఉడికించిన గుడ్డు, వెన్న కలిపి మెదిపినది. గుడ్డు తిననివాళ్లు అది లేకుండా ఇమ్మని ముందే చెప్పాలి.

జులైలో వెళ్తే బయట సంతలో పచ్చి బఠాణీలు తప్పక కొనండి. మనం సోలతో కొలిచినట్టు అక్కడ లీటరు డబ్బాతో కొలిచి పోస్తారు. వండరు, కాయ ఒలుచుకుని పచ్చివే తింటారు, అంత తియ్యగా ఉంటాయి. తినేటప్పుడు సీగల్ పక్షుల మీద కన్నేయండి, చేతిలోది తన్నుకుపోతాయి.

4. ఊరు

సెనేట్ స్క్వేర్‌లో 1852 నాటి తెల్ల కెథడ్రల్ చూసి, ట్రామ్‌లో టెంపెలియావుకియో చర్చికి వెళ్లండి. కొండరాయిని తొలిచి 1969లో పూర్తిచేశారు. గోడలు ముడిరాయే, పైన రాగి గోపురం. ప్రార్థనలప్పుడు సందర్శకులను రానివ్వరు, వేళలు చూసుకుని బయల్దేరండి. కాళ్లు నొప్పెడితే రైల్వే స్టేషన్ దగ్గర్లోని ఓడి లైబ్రరీలో కూర్చోండి, ప్రవేశం ఉచితం. సాయంత్రం సౌనా అనే ఆవిరిస్నానానికి లోయ్లూ అనే చోటు బాగుంటుంది. ఆడామగా కలిసి వెళ్తారు కాబట్టి ఈతదుస్తులు తప్పనిసరి. ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకడం కష్టం.

5. కొనుగోళ్లు

చాక్లెట్ కావాలంటే ఫాజెర్ నీలిరంగు ప్యాకెట్, సూపర్‌మార్కెట్‌లోనే కొనండి. గుడ్డలకు మారిమెక్కో, గాజుసామానుకు ఈత్తాలా. సల్మియాక్కి మిఠాయి మాత్రం చిన్న పెట్టె రుచి చూశాకే ఎక్కువ కొనండి. అందులో ఉండేది మనవాళ్లు గిన్నెలకు కళాయి వేసేటప్పుడు వాడే నవాసాగరమే, ఆ ఉప్పటి ఘాటు చాలామందికి పడదు. శాకాహారులు జెల్లీ మిఠాయిల మీద లీవతె (liivate) అనే మాట వెతకాలి, అంటే జెలటిన్.

ఒకే దుకాణంలో 40 యూరోలకు పైగా కొంటే, యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లకు పన్ను కొంత వెనక్కి వస్తుంది. జర్మనీలోనో స్వీడన్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది వర్తించదు. దుకాణంలో టాక్స్ ఫ్రీ కాగితం అడిగి తీసుకోండి. సీలు వేసిచ్చిన సంచి విప్పారో, డబ్బు పోయినట్టే. విమానాశ్రయంలో లగేజీ అప్పగించకముందే టాక్స్ ఫ్రీ కౌంటర్‌లో చూపించాలి. లక్క (క్లౌడ్‌బెర్రీ) పండ్ల జామ్ సీసాలు మాత్రం పెద్దపెట్టెలోనే సర్దండి. జామ్ కూడా ద్రవం కిందే లెక్క, పెద్ద సీసాలైతే చేతిసంచిలో ఆపేయొచ్చు.