గెడ్డ గట్టున నడకబాట, పార్కు: గ్రాంటు తెచ్చుకోవడం ఎలా?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం... దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో ఎక్కడైనా గెడ్డ (వాగు) గట్టు బాగుచేయమని అడిగితే మున్సిపాలిటీలో మొదట వచ్చే జవాబు "ఫండ్స్ లేవు". నిజానికి డబ్బుంది. కాకపోతే "గెడ్డ గట్టు నడకబాట" అనే పేరుతో ఏ పద్దులోనూ లేదు. చెరువులు, వాగుల పునరుద్ధరణ ఒక పద్దు, మొక్కలు ఇంకో పద్దు, కూలి మరో పద్దు. అన్నీ కలిపి ఒకే దరఖాస్తులో అడిగితే ఏ ఆఫీసూ అది తన పని అనుకోదు. పనిని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి దగ్గరకు పోవాలో చూసుకోవాలి. అంతకన్నా ముందు భూమి కాగితం.

1. భూమి ఎవరిదో తేల్చండి

ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుని గట్టు వెంట ఉన్న ప్రతి ప్లాట్‌కూ పట్టా నకలు తీయండి. రికార్డులో గెడ్డ అని వెతికితే దొరకదు. కిసం (భూమి రకం) గడిలో నాళ, నది, జలాశయ లాంటి మాటలుంటాయి. నీటి భాగం వరకు చిక్కు ఉండదు. చిక్కంతా పక్కనున్న ఖాళీ గట్టుతోనే. అది గోచర్ (పశువుల మేత భూమి) కావచ్చు, అనాబాది (సాగులో లేని ప్రభుత్వ భూమి) కావచ్చు, జంగల్ కిసం (అడవిగా రాసిన భూమి) కావచ్చు, ఒక రైతు సొంత పట్టా కూడా కావచ్చు.

గోచర్ అయితే వాడకం మార్చడానికి కలెక్టరు స్థాయి అనుమతి కావాలి. జంగల్ కిసం అయితే సిమెంటు బాట అటవీయేతర పని కిందికి వస్తుంది, 1980 అటవీ సంరక్షణ చట్టం అడ్డు తగులుతుంది. అలాంటి ముక్కను అటవీ శాఖకే ఇచ్చి మొక్కలు పెట్టించుకోవడం మేలు. రైతు పట్టా అయితే బాటను అక్కడ వంచేయండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, గజపతి జిల్లాలో కొంత భాగం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది. "మాట్లాడి సర్దుకుందాం" అన్న లెక్క అక్కడ చెల్లదు.

తర్వాత ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), అమీన్ (భూమి కొలిచే ఉద్యోగి), మున్సిపల్ జేఈ (జూనియర్ ఇంజినీరు) ముగ్గురూ ఒకేరోజు వచ్చేలా ఉమ్మడి కొలతకు తహసీల్దారుకు రాయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టించుకోండి, నీళ్లు తగ్గి గట్టు అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కొలత తప్పదు. నక్షా (భూమి పటం) పాత సెటిల్‌మెంటు సర్వే నాటిది, గెడ్డ మాత్రం ప్రతి పెద్ద వరదకూ కాస్త జరుగుతుంది. కాగితంలో నాళ ఉన్న చోట ఇప్పుడు ఎవరి పెరడో ఉండొచ్చు, ఇప్పుడు నీళ్లు పారే చోటు కాగితంలో పట్టా పొలం కావచ్చు. డబ్బు మంజూరై, టెండరు పిలిచి, మొదటి టిప్పరు దిగిన రోజు పని ఆగిందంటే చాలాసార్లు కారణం ఇదే.

గట్టు మీద గుడిసెలుంటే వాటి సంగతి దాచకుండా రాయండి. 2017 నాటి మురికివాడల వారి భూహక్కు చట్టం కింద వాళ్లు పట్టాకు అర్హులు కావచ్చు. ఆక్రమణలు తొలగిస్తాం అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ ఫైలు కోర్టు మెట్లెక్కడం ఖాయం.

2. మురుగు లెక్క తీయండి

గెడ్డ వెంట ఎగువకు నడిచి, అందులో కలిసే ప్రతి కాలువనూ ఫోన్‌లో జియోట్యాగ్ ఫోటో తీయండి. కొలవడానికి 15 లీటర్ల బకెట్టు, గడియారం చాలు. బకెట్టు 10 సెకన్లలో నిండితే సెకనుకు లీటరున్నర, అంటే రోజుకు దాదాపు 1,30,000 లీటర్లు. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ఉదయం ఒక్కసారే కొలిస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఈ పట్టిక లేని దరఖాస్తును ఇంజినీరు ఒక్క ప్రశ్నతో వెనక్కి పంపగలడు. మురుగు ఆపకుండా బెంచీలు వేస్తే కూర్చునేది దోమలే.

3. ఏ ముక్కకు ఏ డబ్బు

వాగు పూడిక తీత, మురుగు మళ్లింపు, దాని పక్క పార్కు: వీటికి పట్టణాల నీటి పనుల కేంద్ర పథకం అమృత్ 2.0. 2021 అక్టోబరు 1న ఐదేళ్ల కాలానికి మొదలైంది కాబట్టి కొత్త పనులు తీసుకుంటున్నారో లేదో ముందే కనుక్కోండి. లక్షలోపు జనాభా ఉన్న ఊరికి కేంద్రం వాటా సగం. బరంపురం లాంటి లక్ష దాటిన నగరానికి మూడో వంతు. మిగిలింది రాష్ట్రం, మున్సిపాలిటీ పెట్టుకోవాలి. డబ్బు 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో వస్తుంది. సంఘాలు నేరుగా దరఖాస్తు చేసుకోలేవు. ఊరి ప్రణాళికలో ఎక్కి, రాష్ట్ర ప్రణాళిక ద్వారా పోవాలి.

ఆర్థిక సంఘం గ్రాంటుతో జాగ్రత్త. 2021-26 కాలంలో మన చిన్న పట్టణాలకు వచ్చిన దాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం లాంటి పనులకే కట్టిపడేసింది. నడకబాట, బెంచీలు మిగతా 40 శాతంలోంచే రావాలి. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం, కొత్త షరతులు అకౌంటెంటునే అడగండి.

మొక్కలకు కేంద్రం పట్టణ వనాల పథకం నగర్ వన్, అటవీ శాఖ ద్వారా. హెక్టారుకు 4 లక్షల రూపాయలు. నగర్ వన్‌కు కనీసం 10 హెక్టార్లు కావాలి, గెడ్డ గట్టు మామూలుగా అంత తేలదు. కిలోమీటరు పొడవు, రెండు వైపులా 15 మీటర్ల వెడల్పు అంటే 3 హెక్టార్లే. కాబట్టి 1 నుంచి 10 హెక్టార్ల నగర్ వాటిక కింద అడగండి, 12 లక్షలు వస్తాయి. పేరు తప్పు రాసి తిరస్కరించుకోవద్దు.

కూలి పనికి, అంటే తవ్వకం, మొక్కల గుంతలు, చిన్న పార్కు పనులకు ఒడిశా ప్రభుత్వ పట్టణ ఉపాధి పథకం ముక్తా. పని మహిళా సంఘాల చేతుల మీదుగా జరుగుతుంది, కాబట్టి వార్డులో ఏ సంఘం చేస్తుందో ముందే మాట్లాడుకోండి.

రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో బాక్సైట్ తవ్వకం ఉంది కాబట్టి కలెక్టరు దగ్గర జిల్లా ఖనిజ నిధి (గనుల కంపెనీలు కట్టే డబ్బు) ఉంటుంది. పర్యావరణం, కాలుష్య నివారణ అందులో ప్రాధాన్య రంగాలు. మీ దరఖాస్తులో "సుందరీకరణ" అనే మాట కొట్టేసి "మురుగు మళ్లింపు, గట్టు కోత నివారణ" అని రాయండి. మాట మారిందని పని మారదు గానీ పద్దు మారుతుంది.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కావాలంటే పని చేసే సంస్థకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషను, 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి. కంపెనీలు తమ చుట్టుపక్కల ప్రాంతానికి మొగ్గు చూపుతాయి, అందుకే ఫ్యాక్టరీ నుంచి గెడ్డ ఎంత దూరమో మొదటి పేజీలోనే రాయండి.

4. అంచనా

ఒక కిలోమీటరు, 2 మీటర్ల వెడల్పు బాట తీసుకుందాం. 150 మిల్లీమీటర్ల మొరం అంటే దిమ్మిస కొట్టాక 300 ఘనపు మీటర్లు, వదులుగా 375. 6 ఘనపు మీటర్ల టిప్పరుకు 63 ట్రిప్పులు. పైన 30 మిల్లీమీటర్ల ఇసుక 60 ఘనపు మీటర్లు. 200×100 మిల్లీమీటర్ల సైజు పేవర్లు (బాటకు పరిచే సిమెంటు ఇటుకలు) చదరపు మీటరుకు 50, మొత్తం లక్ష. విరుగుడుకు 3 వేలు కలపండి. రెండు అంచులా కర్బ్ రాయి (పేవర్లు జారకుండా పట్టే అంచు రాయి) 2,000 మీటర్లు. కొందరు ఖర్చు తగ్గించాలని కర్బ్ తీసేస్తారు. మొదటి వానకే అంచు పేవర్లు జారి, కింద ఇసుక కొట్టుకుపోయి, బాట అలలు తేలుతుంది.

రేట్లు ఒడిశా ప్రభుత్వ రేట్ల షెడ్యూలు నుంచే తీసుకోవాలి, బజారు కొటేషను చెల్లదు. క్వారీ నుంచి దూరం చూపే లీడ్ పట్టిక జతచేయండి. జీఎస్టీ 18 శాతం, కార్మిక సెస్సు 1 శాతం విడిగా చూపండి. 50 లక్షల పనికి జీఎస్టీ ఒక్కటే 9 లక్షలు, మర్చిపోతే ఆ మేరకు బాట పొడవు తగ్గించుకోవాలి.

బాట ఎత్తు ఇంకో గొడవ. కొండ గెడ్డ గంటలో పొంగి గంటలో తగ్గుతుంది. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గట్టు మీది ఇళ్లవాళ్లు గోడ చూపించి చెబుతారు. ఆ గుర్తులు కొలిచి, జల వనరుల శాఖ దగ్గరున్న గరిష్ఠ వరద మట్టంతో సరిచూడండి. బాట దానికి పైనుండాలి. కుదరని చోట పేవర్లు వద్దు, రాతి పరుపు చాలు. కోత ఉన్న వంపులో గేబియన్లు (రాళ్లు నింపిన వైరు బుట్టలు), వాటి వెనక వట్టివేరు, పైన ఏరుమద్ది, కానుగ, నేరేడు.

5. ఫైలు

వార్డు సమావేశం, కౌన్సిల్ తీర్మానం, పరిపాలనా మంజూరు, సాంకేతిక మంజూరు: ఇదీ వరుస. గెడ్డలో కొంత భాగం పంచాయతీ పరిధిలో ఉంటే గ్రామసభ తీర్మానం కూడా. మన ఊళ్లలో మాట్లాడేది తెలుగైనా ఫైలు నడిచేది ఒడియా, ఇంగ్లీషుల్లో. అర్జీ ఒడియాలో, అంచనాలు ఇంగ్లీషులో పెట్టండి. ఊరివాళ్లు గెడ్డను పిలిచే పేరు, రికార్డులోని నాళ పేరు, ప్లాట్ నంబర్లు ఒకే పట్టికలో ఇవ్వండి, లేకపోతే మూడు ఆఫీసులు మూడు వేర్వేరు గెడ్డలనుకుంటాయి.

నిర్వహణ ఎవరిదో తీర్మానంలోనే ఉండాలి. వెయ్యి మొక్కలకు వారానికి రెండుసార్లు పది లీటర్ల చొప్పున పోస్తే 20,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. మొదటి రెండు వేసవులకు ఆ ఖర్చు ఏ పద్దులోంచో రాయని దరఖాస్తు చదివేవారికి నమ్మకం కలిగించదు.

పని మొదలుకాక ముందు పది చోట్ల ఫోటోలు తీసి, సరిగ్గా అవే చోట్ల నుంచి సగంలో, చివర్లో మళ్లీ తీయండి. తర్వాతి విడత వినియోగ పత్రానికి అవే ఆధారం. వర్క్ ఆర్డరు జూన్‌లో చేతికొస్తే మట్టిపని ముట్టుకోకండి, పేవర్ల ఆర్డరూ నర్సరీ పనులూ చూసుకోండి. వానాకాలంలో పోసిన మొరం కాంట్రాక్టరు బిల్లులో ఉంటుంది గానీ గట్టు మీద ఉండదు.