పిల్లాడికి పాతకాలం రష్యన్ చొక్కా కుట్టడం ఎలా?

విశాలాంధ్ర షాపుల్లో కొన్న సోవియట్ బొమ్మల పుస్తకాలతో పెరిగినవాళ్లకి ఈ చొక్కా గుర్తుండే ఉంటుంది. తొడల దాకా వదులుగా దిగుతుంది, నడుముకి తాడు, గుండీలు ఓ పక్కకి. పేరు కొసొవొరోత్కా, అంటే పక్కకి ఒరిగిన మెడ. ఆ చీలికని మధ్యలోకి తెచ్చారా, మన జుబ్బా అయిపోతుంది!

1. బట్ట
ఛాతీ 24 అంగుళాలుండే ఆరేళ్ల పిల్లాడికి 44 అంగుళాల పన్నా కాటన్ మీటరున్నర చాలు. తెలుపు, ఎరుపు రెండూ బాగుంటాయి. ముందే తడిపి ఆరేయండి.

2. కటింగ్
భుజం మీద కుట్టు ఉండదు. 48 అంగుళాల పొడవు, 16 వెడల్పు ముక్కని అడ్డంగా సగానికి మడిస్తే ఆ మడతే భుజం. చేతులకి 16 పొడవు, 12 వెడల్పుతో రెండు ముక్కలు. చంకల కిందికి 4 అంగుళాల చదరాలు రెండు. పాత చొక్కాల్లో వీటిని తరచూ ఎర్రబట్టతో వేసేవారు. సోకు సరే, అసలు ఉపయోగం వేరే: చెయ్యెత్తినా చంక దగ్గర పట్టేయదు.

3. చీలిక
మెడ గుండ్రంగా కోశాక, మధ్యగీత నుంచి ఒకటిన్నర అంగుళం ఎడమకి జరిగి, 7 అంగుళాలు కిందికి కోయాలి. ఎడమంటే తొడుక్కునేవాడి ఎడమ. మొదటిసారి నేను టేబుల్ మీద నా ఎడమ చూసుకుని కత్తెర వేసేశాను. పిల్లాడికి తొడిగితే కుడివైపు వచ్చింది. ప్రింట్ బట్ట కాబట్టి తిరగేసి వాడటానికీ లేదు, ముక్కంతా దండగ. అందుకే సుద్దతో గీసి, వాడి ఒంటికి ఆనించి చూశాకే కోయండి. ఇంతకీ ఎడమకే ఎందుకంటే, వంగి పనిచేసేటప్పుడు మెడలోని శిలువ బయటికి జారకుండా అని చెబుతారు.

చీలికకి పట్టీ, మెడకి అంగుళం ఎత్తు నిలువు కాలర్ వేసి, మూడు కాజాలు తీయండి.

4. కుట్టు
ముందు చేతులు, తర్వాత చంక చదరాలు, ఆఖర్న పక్క కుట్లు. ఈ వరస తప్పితే చదరాలు అతకడం నరకం.

5. అల్లిక
కాలర్, పట్టీ, చేతుల అంచులు, కింది అంచు: ఎరుపు, నలుపు దారాలతో క్రాస్‌స్టిచ్. అంత ఓపిక లేదంటే రెడీమేడ్ లేస్ కుట్టేయండి, ఎవరూ ఏమీ అనరు.

6. తొడగడం
టక్ చేయకూడదు. ప్యాంటు మీదికి వదిలేసి, కుచ్చుల తాడు నడుముకి చుట్టి పక్కగా ముడేయాలి.

1900 ప్రాంతంలో యూరప్, అమెరికాల్లో ఇదే పోకడని ‘రష్యన్ బ్లౌజ్’ అన్నారు. అప్పుడే గౌన్లు మాని నిక్కర్లలోకి వస్తున్న బుడ్డోళ్లకి తొడిగేవారు. ఆ వేషం కావాలంటే అల్లిక మానేసి, తాడు బదులు తోలు బెల్టుని తుంటి మీదికి దించి పెట్టండి. కింద మోకాలి దగ్గర ఎలాస్టిక్‌తో బిగించిన నిక్కరు వేస్తే సరి.