సొంతంగా ఉబుంటు – 6వ పాఠం: ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అంటే ఎక్కడ చూడాలి?

ఉబుంటులో ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ మూటలను, పెట్టే, తీసే కమాండ్ ఆప్ట్. ఆప్ట్ అప్‌డేట్ జాబితాలు తెస్తుంది, ఆప్ట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీలు తెస్తుంది. పోయిన పాఠంలో ఇంతవరకు చూశాం. ఈసారి ఆ రెండోది మొరాయిస్తే ఏం చేయాలో చూద్దాం. ఎప్పటిలాగే కమాండ్లు వినబడే తీరులో రాస్తున్నాను, టెర్మినల్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ఉదాహరణలు ఉబుంటు 24.04 మీద. దాని మారుపేరు నోబుల్, దానికి ముందరి దీర్ఘకాల వెర్షన్ 22.04 పేరు జామీ. ఈ రెండు పేర్లతో కాసేపట్లో పని పడుతుంది.

ముందు చిన్నది తేల్చేద్దాం. ‘కెప్ట్ బ్యాక్’ అనో, ‘డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్’ అనో కొన్ని పేర్లు కనిపిస్తే టెన్షన్ వద్దు. కొన్ని అప్‌డేట్లను ఉబుంటు విడతలవారీగా వదులుతుంది, చాలాసార్లు మీ వంతు ఇంకా రాలేదనే అర్థం. కొన్ని రోజులు ఆగండి. వారాలు గడిచినా కదలకపోతే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టి చూడండి. మీరే ఎప్పుడో హోల్డ్‌లో పెట్టి, అంటే అప్‌గ్రేడ్ కాకుండా ఆపి, మర్చిపోయి ఉండొచ్చు.

అసలు తలనొప్పి ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’, అంటే ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలు కుదరకపోవడం. చాలామంది ఆ పై వాక్యాన్నే కాపీ చేసి గూగుల్‌లో వెతుకుతారు. లాభం లేదు, జబ్బు ఏదైనా ఆ వాక్యం మారదు. కింద ప్యాకేజీ పేరు పక్కన ‘డిపెండ్స్’ అని ఉంటుంది. ఆ లైన్లో ‘బట్’ తర్వాత ఏముందో చదవండి. అక్కడ సాధారణంగా మూడు రకాల ముక్కలు కనిపిస్తాయి.

‘నాట్ ఇన్‌స్టాలబుల్’ అని ఉంటే, అడిగిన ప్యాకేజీ మీ రిపాజిటరీల్లో (ఆప్ట్ ప్యాకేజీలు తెచ్చుకునే సర్వర్లలో) ఎక్కడా లేదు. జామీ కోసం తయారుచేసిన డెబ్ ఫైలు (విడిగా దించుకున్న ప్యాకేజీ) నోబుల్‌లో పెడితే తరచూ జరిగేది ఇదే: ఉదాహరణకు అది లిబ్ఐసీయూ70 అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) అడుగుతుంది, నోబుల్‌లో ఉన్నది లిబ్ఐసీయూ74. జామీ నుంచి ఆ లైబ్రరీ ఒక్కటీ తెచ్చి పెట్టమని సలహాలు దొరుకుతాయి. పని జరుగుతుంది కానీ, దానికి ఆపైన సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. నేనైతే ఆ పని చేయను, నోబుల్‌కి తయారైన డెబ్ ఫైలే వెతుక్కుంటాను.

‘నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్’ అంటే వేరే సంగతి. ప్యాకేజీ ఉంది, ఇంకేదో అడ్డుపడుతోంది. అప్పుడు ఆ అడ్డుపడ్డ పేరునే ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి ఇవ్వండి. అది ఇంకో పేరు చెబుతుంది, దాన్నీ అలాగే ఇవ్వండి. తీగ లాగుతూ పోతే అసలు గొడవ బయటపడుతుంది.

మూడోది వెర్షన్ తగాదా, దీని దగ్గర కాస్త ఆగుదాం. లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్ పెట్టబోతే ఇలా వచ్చిందనుకోండి: లిబ్ఎస్ఎస్ఎల్3టి64 వెర్షన్ 3.0.13-0ఉబుంటు3 కావాలి, ‘బట్’ 3.0.13-0ఉబుంటు3.5 ఉంది. కొత్తది ఉంటే తప్పేంటని అనిపిస్తుంది. కానీ డెవ్ ప్యాకేజీలు (ప్రోగ్రాములు రాసేవాళ్లకు కావలసిన ఫైళ్లున్నవి) చాలావరకు తమ లైబ్రరీ అచ్చంగా అదే వెర్షన్‌లో ఉండాలంటాయి. ఇప్పుడు ఆప్ట్ పాలసీ లిబ్ఎస్ఎస్ఎల్3టి64 కొట్టండి. పక్కన మూడు నక్షత్రం గుర్తులు (***) ఉన్నది ఇప్పుడు మీ మెషీన్లో ఉన్న వెర్షన్. దాని కింద 500 అంకెతో రిపాజిటరీ అడ్రస్ ఉండాలి. అది లేక, 100 అంకెతో డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా పెట్టే ప్రోగ్రాము) స్టేటస్ ఫైలు ఒక్కటే ఉంటే, ఆ వెర్షన్ ఇప్పుడున్న ఏ రిపాజిటరీలోనూ లేదన్నమాట. నోబుల్-అప్‌డేట్స్, నోబుల్-సెక్యూరిటీ లైన్లను ఎవరో తీసేసి ఉంటారు. సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్లోని ఉబుంటు.సోర్సెస్ ఫైల్లో వాటిని మళ్లీ చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. పీపీఏ (బయటివాళ్లు నడిపే అదనపు రిపాజిటరీ) తీసేసి దాని ప్యాకేజీలు అలాగే వదిలేసినా ఇదే గోల. పీపీఏని దాని ప్యాకేజీలతో సహా వదిలించుకోవడానికి పీపీఏ-పర్జ్ అనే కమాండ్ ఉంది.

ఏ మరమ్మతుకైనా ముందు కమాండ్ చివర హైఫన్ ఎస్ పెట్టి ఉత్తుత్తి రన్ చేయండి. ‘రిమూవ్డ్’ జాబితా చదవకుండా ఎంటర్ కొట్టొద్దు. 2021 నవంబర్‌లో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ వీడియోలో ఇదే చూశాం. ఉబుంటు మీద కట్టిన పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేమ్స్ యాప్ పెట్టబోతే, డెస్క్‌టాప్ పోతుందని ఆప్ట్ హెచ్చరించింది. ‘యస్, డూ యాజ్ ఐ సే’ అని పూర్తిగా టైప్ చేయమంది. ఆయన చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. అలా ఒక వాక్యం టైప్ చేసి ముందుకెళ్లే దారిని ఆ తర్వాత ఆప్ట్ తయారీదారులు మూసేశారు. డీపీకేజీకి ఫోర్స్-ఆల్ ఇచ్చే దారి మాత్రం ఇంకా తెరిచే ఉంది, అటు వెళ్లకండి.

ఇంటిపని: ఆప్ట్ లిస్ట్ కొట్టి, పక్కన కోట్స్ మధ్య టిల్డా, చిన్న ‘ఓ’ ఇవ్వండి. ఏ రిపాజిటరీలోనూ లేని ప్యాకేజీలు వరుసగా వస్తాయి. ఒక్కోదానికీ ఆప్ట్ పాలసీ చూసి, అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకుని రాసి పెట్టండి. వచ్చే పాఠంలో పిన్నింగ్ (ఏ ప్యాకేజీ ఎక్కడినుంచి రావాలో ఆప్ట్‌కి చెప్పడం) చేసేటప్పుడు ఆ జాబితా కావాలి.