ట్రాప్ కెమెరా ఫొటోలను తోటలోనే చూడటం: సమస్యలు, పరిష్కారాలు

శేషాచలం కొండల పాదాన ఉన్న మామిడి తోటల్లోకీ, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకొన్న పొలాల్లోకీ రాత్రిపూట వచ్చి పోతున్నది అడవి పందా, ఏనుగా, చిరుతా అన్నది తెలిస్తేనే కంచె ఎలా వేయాలో, కాపలా ఎప్పుడు ఉండాలో నిర్ణయించుకోగలం. ఎదుట జంతువు కదలగానే దానంతట అదే ఫొటో తీసే ట్రాప్ కెమెరా అందుకు బాగా పనికి వస్తుంది. అయితే దాన్ని కట్టిన చెట్టు కిందే నిలబడి ఫొటోలు చూసుకుంటే లోపాన్ని అప్పటికప్పుడు సరిదిద్దవచ్చు. ఇంటికి వచ్చాక చూసుకుంటే మరో వారం వృథా అయినట్టే. అందుకే కొనేటప్పుడు మెగాపిక్సెళ్ళ లెక్క కంటే ఫొటోలను ఎలా చూడబోతున్నామన్నదే ముందు ఆలోచించాలని నా అభిప్రాయం. పట్టా భూమిలో కట్టుకోవడం వేరు. గట్టు దాటి అడవిలో కట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

సమస్య: కార్డును ఫోనుకు పెడితే ఏమీ కనిపించడం లేదు

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే. కెమెరాలోని మెమరీ కార్డును పెట్టిన కార్డు రీడరును ఫోనుకు తగిలించినా, కొన్ని ఫోన్లలో సెట్టింగుల్లోకి వెళ్ళి ఓటీజీని (బయటి పరికరాలను ఫోనుకు కలిపే సదుపాయాన్ని) ఆన్ చేస్తే తప్ప అది పనిచేయదు. కాసేపు వాడకపోతే దానంతట అదే ఆగిపోతుంది కూడా. ఓటీజీ ఆన్‌లో ఉన్నా గ్యాలరీలో ఫొటోలు రాకపోవచ్చు. అప్పుడు ఫైల్స్ యాప్ తెరిచి, కార్డులోని డీసీఐఎం అనే ఫోల్డరులో చూడాలి.

రెండో కారణం కార్డు పరిమాణం. 32 జీబీ వరకు కార్డులు సాధారణంగా ఫైళ్ళను ఫ్యాట్32 అనే పద్ధతిలో దాచుకుంటాయి కనుక దాదాపు అన్ని ఫోన్లూ చదువుతాయి. 64 జీబీ, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి; పాత ఫోన్లు కొన్ని వాటిని చదవలేక, కార్డు పాడైందనీ, ఫార్మాట్ చేయమనీ, అంటే అందులోనివన్నీ చెరిపేయమనీ అడుగుతాయి. ఆ ప్రశ్నకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. భాకరాపేట వైపు మా తోటలో నేను తొందరపడి ఒప్పుకొని పదకొండు రాత్రుల ఫొటోలు పోగొట్టుకున్నాను. గట్టు మీద పెద్ద పాదాల గుర్తులు కళ్ళెదుటే ఉన్నా, అవి వేసిన జంతువు ఏదో ఈనాటికీ తెలియదు. 32 జీబీ కార్డులు రెండు కొని, ఒకటి తీయగానే మరొకటి పెట్టడం మేలు. కొత్త కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. కార్డు తీసే ముందు కెమెరాను ఆఫ్ చేయాలి. రాస్తుండగా లాగితే ఫైళ్ళు చెడిపోతాయి. కెమెరా అసలు ఫొటోలే తీయకపోతే కార్డు అంచున ఉన్న చిన్న లాక్ మీట కిందికి జారిందేమో చూడండి.

సమస్య: వైఫై కలిసింది గానీ ఫొటోలు రావడం లేదు

ఫోనుకు ఫొటోలు పంపడానికి కొన్ని కెమెరాలు ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది గమనించిన ఫోను, మనకు చెప్పకుండానే మొబైల్ డేటా వైపు మళ్ళుతుంది. మొబైల్ డేటాను ఆపి, ట్రాప్ కెమెరా యాప్ అడిగిన లొకేషన్ అనుమతి ఇచ్చి మళ్ళీ కలిపితే సాధారణంగా ఫొటోలు వస్తాయి. ఈ వైఫై కొద్ది మీటర్లకు మించి అందదు. తిరుపతిలో ఇంట్లో కూర్చుని చూడవచ్చనుకొని దీన్ని కొంటే నిరాశే మిగులుతుంది. అలా చూడాలంటే సిమ్ వేసే కెమెరా కావాలి. దాన్ని కొనే ముందు, ఏ కంపెనీ సిమ్ వేయదలచారో అదే ఉన్న ఫోనును ఆ చెట్టు దగ్గరికి తీసుకుపోయి సిగ్నల్ చూడండి. కొండ మలుపుల్లో నాలుగడుగుల తేడాతో సిగ్నల్ పోతుంది. ఇవేవీ వద్దనుకుంటే, లోపలే చిన్న తెర ఉన్న కెమెరా తీసుకోండి. మొదటిసారి కొనేవారికి నేను చెప్పేది అదే.

సమస్య: వందల ఫొటోలున్నాయి, ఒక్కదానిలోనూ జంతువు లేదు

కెమెరాలోని సెన్సర్ రూపాన్ని చూడదు. ఎదుట కదిలే వేడిలోని తేడాను పసిగడుతుంది. ఎండకు కాగిన గడ్డి పోచ ఒక్కటి లెన్సు ముందు ఊగినా చాలు. ముందున్న గడ్డినీ, వేలాడే కొమ్మలనూ కొట్టివేసి, ఉదయం, సాయంత్రం ఎండ నేరుగా పడకుండా కెమెరాను ఉత్తరానికి తిప్పి కట్టండి.

సమస్య: అడుగుజాడలున్నా ఫొటో లేదు, లేదా తోక మాత్రమే పడింది

దారికి అడ్డంగా చూసేటట్టు కడితే, కెమెరా మేలుకొనేలోపే పంది దాటిపోతుంది. దారి వెంబడి కాస్త ఏటవాలుగా చూసేటట్టు, మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తులో కట్టండి. కొనేటప్పుడు ట్రిగ్గర్ సమయం, అంటే కదలికను పసిగట్టాక ఫొటో తీయడానికి పట్టే సమయం, అర సెకనులోపు ఉన్నదే ఎంచుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఇంకో చిక్కు ఉంది: మన వైపు గాలి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా చేరినప్పుడు సెన్సర్‌కు తేడా తెలియదు. ఆ నెలల్లో సెన్సిటివిటీని ఎక్కువలో పెట్టండి.

సమస్య: రాత్రి ఫొటోలు చీకటిగా ఉన్నాయి

ముందుగా బ్యాటరీలు మార్చి చూడండి. మామూలు రీచార్జి సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది కనుక కొన్ని కెమెరాల్లో ఫ్లాష్ మందగిస్తుంది. ఫ్లాష్ పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో చెబుతారు. 940 నానోమీటర్ల ఫ్లాష్ కంటికి కనిపించదు గానీ తక్కువ దూరం అందుతుంది. 850 నానోమీటర్లది దూరం అందుతుంది గానీ సన్నని ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. దొంగల భయం ఉన్నచోట మొదటిదే మంచిది.

ఏది సరిచేసినా, కెమెరా ముందు మోకాళ్ళ మీద వంగి ఒకసారి నడిచి, ఆ ఫొటో కార్డులో పడిందో లేదో చూసి, కెమెరా మళ్ళీ ఆన్‌లో ఉందని నిర్ధారించుకొన్నాకే కదలండి. ఈ పని పట్టపగలే పూర్తి కావాలి. ఏనుగు లద్దె తాజాగా కనిపిస్తే ఫొటోలు చూస్తూ నిలబడకుండా, కార్డు మార్చడం కూడా మానుకొని వెంటనే వెనక్కి వచ్చేయండి.