బ్రిటన్‌లో మ్యూజిక్ కంపోజిషన్ డిగ్రీ: యూకాస్ ద్వారా దరఖాస్తు ఎలా?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే సొంతంగా సంగీతం రాయడం నేర్పే ఈ కోర్సు విషయంలో ఏడాది పోయినట్టే. కన్సర్వటోయిర్‌లు అనే ప్రత్యేక సంగీత విద్యాలయాల్లో సెప్టెంబర్‌లో మొదలయ్యే క్లాసులకు అంతకుముందు ఏడాది అక్టోబర్ మొదటి వారంలోనే గడువు ముగుస్తుంది. అది కూడా బ్రిటన్ టైమ్ ప్రకారం సాయంత్రం 6 గంటలకు, అంటే మనకు రాత్రి పదిన్నరకు. అప్పటికి పిల్లలు ఇంకా సెకండియర్ సిలబస్ మధ్యలో ఉంటారు. గడువు దాటాక కూడా సీట్లు మిగిలితే తీసుకునే సంస్థలు ఉన్నాయి కానీ, దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు.

బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులన్నీ దాదాపుగా యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళతాయి. సంగీతానికి మాత్రం అందులో రెండు దారులున్నాయి. మామూలు యూనివర్సిటీలకు యూకాస్ అండర్‌గ్రాడ్యుయేట్: ఐదు ఎంపికలు, జనవరిలో గడువు (ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు మాత్రం అక్టోబర్ 15). లండన్‌లోని రాయల్ అకాడమీ, రాయల్ కాలేజ్, మాంచెస్టర్‌లోని రాయల్ నార్తర్న్, గ్లాస్గోలోని రాయల్ కన్సర్వటోయిర్ ఆఫ్ స్కాట్లాండ్ లాంటి సంగీత విద్యాలయాలకు యూకాస్ కన్సర్వటోయిర్స్: ఆరు ఎంపికలు, పైన చెప్పిన అక్టోబర్ గడువు. ఒకే ఏడాది రెండింటిలోనూ దరఖాస్తు చేయొచ్చు, చివరకు చేరేది ఒక్కచోటే. లండన్‌లోని గిల్డ్‌హాల్ స్కూల్ అనే సంగీత విద్యాలయం మాత్రం యూకాస్‌లో దొరకదు, వాళ్ల సైట్‌లోనే నేరుగా అప్లై చేయాలి. మాంచెస్టర్ యూనివర్సిటీ, రాయల్ నార్తర్న్ కలిసి నడిపే జాయింట్ కోర్సుకైతే రెండు దారుల్లోనూ ఫారం నింపాలి.

ఏ దారి మీది? కంపోజిషనే ప్రధాన సబ్జెక్టుగా, గురువు ఎదురుగా కూర్చుని నాలుగేళ్లు రాయాలనుకుంటే కన్సర్వటోయిర్. చరిత్ర, సిద్ధాంతం, టెక్నాలజీ అన్నీ చదువుతూ కంపోజిషన్‌ని క్రమంగా పెంచుకోవాలనుకుంటే యూనివర్సిటీ, సాధారణంగా మూడేళ్లు. సినిమా సంగీతమే లక్ష్యమైతే యూనివర్సిటీ దారే మేలని నా అభిప్రాయం.

ఫారం కష్టమేమీ కాదు. పేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. ఇంటర్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఇంకో సర్టిఫికెట్‌లో ఒట్టి ఇనీషియల్: మన ఇళ్లలో ఇది మామూలే, వీసా దగ్గరికొచ్చేసరికి అదే పెద్ద టెన్షన్. ప్రధాన సాధనగా (ప్రిన్సిపల్ స్టడీ) కంపోజిషన్ ఎంచుకోవాలి, వాయిద్యం కాదు. దరఖాస్తు ఫీజుతో పాటు ఎంచుకున్న చాలా సంస్థలకు ఆడిషన్ ఫీజు వేరుగా ఉంటుంది. అందుకని ఆరు అవకాశాలున్నాయి కదా అని ఆరూ నింపేయకండి.

కన్సర్వటోయిర్స్ దారిలో రిఫరెన్సులు (సిఫారసు లేఖలు) రెండు. ఒకటి చదువు గురించి కాలేజీ లెక్చరర్ ఇచ్చేది, రెండోది మీ సంగీతం గురించి నేర్పిన గురువు ఇచ్చేది. ఇద్దరూ ఇంగ్లిష్‌లో, ఆన్‌లైన్‌లో రాయాలి. పాతికేళ్లుగా వయొలిన్ నేర్పుతున్న మాస్టారికి ఈమెయిల్ చూసే అలవాటు ఉండకపోవచ్చు. ఆగస్టులోనే వెళ్లి విషయం చెప్పి, మీరు రాసిన కృతులు చూపించి, ఏమేం అడుగుతారో ముందే వివరిస్తే ఆయనకూ సులువు.

అసలు పరీక్ష పోర్ట్‌ఫోలియో, అంటే మీ రచనల సంపుటి దగ్గర. ఇది యూకాస్‌లో కాకుండా, ఒక్కో సంస్థ సొంత పోర్టల్‌లో, వాళ్లిచ్చిన తేదీలోపు అప్‌లోడ్ చేయాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు రచనలు, స్కోరు (అన్ని వాయిద్యాల స్వరాలూ రాసిన ప్రతి), దానితోపాటు రికార్డింగ్ అడుగుతారు. మన పిల్లలకు చిక్కు ఇక్కడే వస్తుంది. కీబోర్డు ముందు కూర్చుని లాప్‌టాప్‌లో అద్భుతంగా ట్రాక్ కట్టగలరు, స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) కాగితం మీద పెట్టమంటే ఆగిపోతారు. సాఫ్ట్‌వేర్‌లోంచి నేరుగా ప్రింట్ తీసిన స్కోరుని చూడగానే పట్టేస్తారు. వయొలిన్‌లో అన్నిటికన్నా కింది తీగ పలికేది జీ అనే స్వరం. అంతకన్నా కింద ఎఫ్ రాసినా కంప్యూటర్ నోరెత్తకుండా వాయించేస్తుంది, మనిషి వాయించలేడు. మొదటి పేజీలోనే అలాంటి స్వరం కనిపిస్తే వాయిద్యం తెలియకుండా రాశాడని తేలిపోతుంది. కొన్ని వాయిద్యాలకు రాసే స్వరం వేరు, వినిపించేది వేరు: బి ఫ్లాట్ క్లారినెట్‌కి సీ రాస్తే వినిపించేది బి ఫ్లాట్. స్కోరులో వినిపించే స్వరాలు రాశారా, వాద్యకారుడు చదివే స్వరాలు రాశారా అన్నది మొదట్లోనే స్పష్టంగా చెప్పండి. ఏయే వాయిద్యాలు, ఎంతసేపు, టెంపో (వేగం) ఎంత అన్నవి ముందు పేజీలో ఉండాలి. తాళం గీతల మధ్య భాగాలకు (బార్‌లకు) నంబర్లు మరచిపోవద్దు, ఇంటర్వ్యూలో ఫలానా బార్‌లో ఎందుకలా చేశావని అడిగేది ఆ నంబరుతోనే.

స్కోరు రాసే సాఫ్ట్‌వేర్‌లలో మ్యూజ్‌స్కోర్ ఉచితం, దీనికి చాలు. అలాంటిదే అయిన ఫినాలేలో నేర్చుకున్నవారు గుర్తుంచుకోవాల్సింది: దాని అభివృద్ధిని 2024 ఆగస్టులో ఆపేశారు.

కర్ణాటక సంగీతం నేపథ్యం ఉన్నవారు దాన్ని దాచుకోనక్కర్లేదు. అయితే మోహనంలో ఒక కృతి ముక్కని ఐదు గీతల మీదకి మార్చినంత మాత్రాన అది కంపోజిషన్ కాదు. గాంధారం మీది గమకాన్ని పాశ్చాత్య వయొలినిస్ట్‌కి ఎలా అందిస్తారు? జారుగీతా, చిన్న స్వరాలా, పక్కన ఒక వాక్యమా? ఆ నిర్ణయం స్కోరులో కనబడితే చదివేవాళ్లకి మీ ఆలోచన అర్థమవుతుంది. రికార్డింగ్ విషయంలో, కంప్యూటర్ శబ్దంతో పది నిమిషాల ఆర్కెస్ట్రా కన్నా ముగ్గురు స్నేహితులు నిజంగా వాయించిన నాలుగు నిమిషాలు నయం.

పోర్ట్‌ఫోలియో నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. విదేశీ విద్యార్థులకు చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే. ఎవరి సంగీతం వింటున్నావు, ఇటీవల రాసినవాళ్లలో ఎవరు నచ్చారు అని అడుగుతారు. ఇక్కడ ఇద్దరు సినిమా సంగీత దర్శకుల పేర్లు చెప్పి ఊరుకుంటే సరిపోదు.

మార్కులు కన్సర్వటోయిర్‌లకు అంత పెద్ద అడ్డంకి కాదు. యూనివర్సిటీలు మాత్రం శాతం చూస్తాయి, స్టేట్ బోర్డుకి సీబీఎస్ఈ కంటే ఎక్కువ అడిగే చోట్లు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ జరిగే ఏబీఆర్ఎస్ఎం, ట్రినిటీ అనే బ్రిటిష్ సంస్థల సంగీత పరీక్షల్లో ఆరు నుంచి ఎనిమిది గ్రేడ్‌లకు యూకాస్ పాయింట్లు (సీటిచ్చేటప్పుడు యూనివర్సిటీలు లెక్కేసే పాయింట్లు) వస్తాయి. ఏబీఆర్ఎస్ఎంలో ఆరో గ్రేడ్ ప్రాక్టికల్ రాయాలంటే సాధారణంగా ముందు ఐదో గ్రేడ్ థియరీ ఉండాలన్నది మరవకండి.

ఆఫర్ వచ్చాక డబ్బు లెక్క. కన్సర్వటోయిర్‌లలో విదేశీ ఫీజు చాలాచోట్ల ఏటా 25 వేల పౌండ్లు దాటింది. అడ్వాన్సు కట్టాక సంస్థ క్యాస్ నంబరు (సీటు ఖాయమైందని వీసాకి చూపే నంబరు) ఇస్తుంది, దానితో స్టూడెంట్ వీసాకి వెళ్లాలి. మొదటి ఏడాది మిగిలిన ఫీజు, తొమ్మిది నెలల ఖర్చుకి వీసా నిబంధనల్లో చెప్పిన మొత్తం ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. అమ్మానాన్నల ఖాతా అయితే బర్త్ సర్టిఫికెట్, వారి అంగీకార పత్రం జతచేయాలి. టీబీ పరీక్ష తప్పనిసరి, అది గుర్తింపు పొందిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల లెక్కన కోర్సు మొత్తానికీ ఒకేసారి కట్టించుకుంటారు, నాలుగేళ్ల కోర్సుకి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

సంగీతం చదివేవారు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన షరతు ఒకటుంది. డిగ్రీ విద్యార్థికి చదువు రోజుల్లో వారానికి 20 గంటల ఉద్యోగం చేసుకునే వీలుంది కానీ, సొంతంగా పని చేసి సంపాదించడం, వృత్తి కళాకారుడిగా ప్రదర్శనలివ్వడం స్టూడెంట్ వీసాలో కుదరదు. ఉగాది ఫంక్షన్‌లో కీబోర్డు వాయించి కవరు తీసుకోవడం, ఎవరి షార్ట్ ఫిల్మ్‌కో ఫ్రీలాన్స్‌గా బీజీఎం చేసి బిల్లు పంపడం ఈ నిషేధం కిందకే వస్తాయి. కోర్సులో భాగంగా ఇచ్చే ప్లేస్‌మెంట్‌ల సంగతి వేరు, వాటి గురించి చేరిన వెంటనే సంస్థ వీసా విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.