గాలి లెక్క తప్పిన పాత బండి: మ్యాఫ్ ఉంచుకోవాలా, మ్యాప్‌కి మారాలా?

పాత స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, పాత హోండా సిటీ వీటెక్, ఎవరో బయటి దేశం నుంచి తెచ్చుకున్న బీఎండబ్ల్యూ ఈ30. ఇలాంటి బండికి ఫిల్టరో, వాల్వులు తెరిచే కామో, టర్బోనో మార్చాక మన విశాఖ ఆటోనగర్ షెడ్డులో వినిపించే మాట ఒకటే: "అన్నా, పికప్ వచ్చింది గానీ స్లోలో నిలబడట్లేదు." స్లో అంటే ఐడ్లింగ్, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం. వెంటనే సెన్సర్ మార్చేస్తారు, లేదంటే మొత్తం సిస్టమే మార్చేస్తారు. నేను చెప్పేది ఒక్కటే. మీరు చేసిన మార్పు గాలి కొలతను ఎక్కడ చెడగొట్టిందో ముందు చూడండి. ఏ సిస్టమ్ పెట్టాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇంజన్ ఎంత గాలి పీల్చిందో చూసే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ పోస్తుంది. ఆ గాలిని కొలిచే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. గాలి తోస్తే తెరుచుకునే రెక్క ఉన్న ఏఎఫ్ఎం. వేడి తీగ ఎంత చల్లబడిందో చూసి గాలి బరువు చెప్పే మ్యాఫ్. సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లోని ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎంలతో లెక్క కట్టే మ్యాప్. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి మూత) ఎంత తెరిచామన్నదే ఆధారంగా నడిచే ఆల్ఫా-ఎన్. వీటిలో ఏది మేలన్న వాదన పాతదే. బాష్ 1967లో తెచ్చిన డి-జెట్రానిక్ ఒత్తిడితో లెక్కేసింది, డి అంటే జర్మన్‌లో ద్రుక్. తర్వాత వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో రెక్క పెట్టారు, ఎల్ అంటే లుఫ్ట్, గాలి. పాత ఈ30లో ఉండేది ఆ రెక్కే. ఆక్టేవియా ఆర్ఎస్ 1.8 టర్బోలో మ్యాఫ్, సిటీలో మ్యాప్.

సమస్య: స్లోలో ఆర్‌పీఎం ఊగుతోంది, లాగితే మాత్రం బాగానే ఉంది

మ్యాఫ్ బండి అయితే మొదట అనుమానించాల్సింది సెన్సర్‌ని కాదు, దాని తర్వాత ఉన్న హోస్‌లని. కొలత అయిపోయాక దొంగదారిన దూరిన గాలి ఈసీయూకి తెలియదు. స్లోలో ఇంజన్ పీల్చేదే తక్కువ కాబట్టి ఆ కాస్త గాలే పెద్ద వాటా అయి మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు. రేస్ చేస్తే అదే లీకు లెక్కలోకి రాదు. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను పెట్రోల్‌ని ఎంత శాతం సరిదిద్దుతోందో చెప్పే అంకె) స్లోలో +15, మూడు వేల ఆర్‌పీఎంలో +3 ఉంటే లీకు ఉన్నట్టే. మ్యాప్ బండిలో లీకు వేరేగా కనిపిస్తుంది. లోపలికొచ్చిన గాలి ఒత్తిడిని పెంచుతుంది, ఈసీయూ దానికి సరిపడా పెట్రోల్ ఇస్తుంది, ఐడ్లింగ్ పైకి పోతుంది.

ఇంజన్ ఆపి, ఫిల్టర్ వైపు మూసి, తక్కువ ఒత్తిడితో గాలి పట్టించి క్లిప్పుల దగ్గర సబ్బునీళ్ళు పూయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతికే అలవాటు మానుకోండి, అంటుకుంటుంది.

ఇంకొక మాట. ట్రిమ్ అన్ని ఆర్‌పీఎంలలోనూ సమానంగా ఏడెనిమిది శాతం పెరిగి ఉంటే, లీకు కన్నా ముందు బంకులో పోయించిన పెట్రోల్ గుర్తు రావాలి. 20 శాతం ఎథనాల్ కలిపిన ఇ20 అయితే దాదాపు అంత ఎక్కువ పోయాలి. అందుకే ట్యూనింగ్‌కి 14.7 (మామూలు పెట్రోల్ ఒక వంతుకి కావాల్సిన గాలి వంతులు) పట్టుకుని కూర్చోకుండా లాంబ్డా చూడండి, ఏ ఇంధనమైనా సరైన మిశ్రమానికి అది 1 చూపిస్తుంది.

సమస్య: పెద్ద ఫిల్టర్, పెద్ద పైపు వేశాక గట్టిగా తొక్కితే నాకింగ్ (ఇంజన్‌లో టకటక కొట్టుకోవడం)

ఎక్కువ ఇంజన్లు పోయేది ఇక్కడే. మ్యాఫ్ తీగకు తెలిసేది తనని తాకుతూ పోయే గాలి ఎంతన్నదే, పైపు వెడల్పు దానికి తెలియదు. 60 మి.మీ. గొట్టంలో ఉండాల్సిన సెన్సర్‌ని 70 మి.మీ. గొట్టంలో పెడితే వైశాల్యం 1.36 రెట్లవుతుంది. అదే గాలి నెమ్మదిగా పోతుంది, ఈసీయూకి నాలుగింట మూడొంతులే కనిపిస్తుంది. అంత లీన్‌గా ఫుల్ లోడ్‌లో నడిస్తే పిస్టన్ మిగలదు. పెద్ద గొట్టం వేస్తే ఈసీయూలో మ్యాఫ్ టేబుల్ కూడా మార్చి తీరాలి. సెన్సర్‌కి ముందు కొంత దూరం గొట్టం తిన్నగా ఉండాలి. వంపు పక్కనే పెడితే సుడులు తిరిగే గాలికి రీడింగ్ నిలకడగా ఉండదు.

గొట్టం మార్చకపోయినా ఇదే లక్షణం వస్తే తీగను చూడండి. నూనె పట్టించే కాటన్ ఫిల్టర్‌కి ఒకసారి నేనే నూనె ఎక్కువ పట్టించాను. రెండు నెలలకి సెన్సర్ విప్పి దీపం కింద పెట్టి చూస్తే, వెంట్రుకలాంటి తీగ మీద గోధుమరంగు పొర, దానికి పోర్టు రోడ్డు ధూళి పొడిపొడిగా అతుక్కుని ఉంది. తీగకి ఆ పూత దుప్పటి కప్పినట్టే, ఎక్కువ గాలి పోతున్నప్పుడు సరిగ్గా చల్లబడదు, రీడింగ్ తగ్గుతుంది. మ్యాఫ్ క్లీనర్‌తోనే కడగాలి. గుడ్డ, బ్రష్ తగలనివ్వొద్దు. కనెక్టర్ పిన్నులూ చూడండి. బీచ్ రోడ్డు వైపు రాత్రుళ్ళు ఆరుబయట ఉండే బండ్లలో వాటికి పచ్చటి చిలుము పడుతుంది.

శుభ్రం చేశాక సరిచూడ్డానికి ఒక లెక్క: మ్యాఫ్ గరిష్ఠంగా సెకనుకు 120 గ్రాములు చూపిస్తే ఇంజన్ దాదాపు 150 హార్స్‌పవర్ ఇస్తున్నట్టు. 150 ఇచ్చే ఇంజన్‌లో 90 దగ్గరే ఆగిపోతే గాలైనా రావట్లేదు, సెన్సరైనా తక్కువ చెప్తోంది.

సమస్య: పెద్ద కామ్ వేశాక స్లోలో నల్ల పొగ

వాల్వులు ఎక్కువసేపు కలిసి తెరిచి ఉంటే గాలి వెనక్కి తన్నుతుంది. మామూలు మ్యాఫ్ తీగకి వచ్చే గాలీ వెళ్ళే గాలీ ఒక్కటే, రెండుసార్లు లెక్కేస్తుంది. ఏఎఫ్ఎం రెక్క అయితే ఊగిపోతుంది. మ్యాఫ్‌ని థ్రాటిల్‌కి వీలైనంత దూరం జరపండి, చాలా బండ్లకి అంతే సరిపోతుంది. చాలకపోతేనే మ్యాప్. అందులోనూ పని ఉంటుంది. మామూలు ఇంజన్ స్లోలో 30-40 కిలోపాస్కల్ చూపిస్తే, పెద్ద కామ్‌తో అది 60 దాకా పోయి గంతులేస్తుంది. వీఈ టేబుల్ (ఏ ఒత్తిడి, ఏ ఆర్‌పీఎంలో సిలిండర్ ఎంత నిండుతుందో ఈసీయూకి చెప్పే పట్టిక) కొత్తగా రాయాలి. కామ్ మళ్ళీ మార్చిన రోజున మళ్ళీ రాయాలి. ట్యూనర్‌కి అంత టైమ్, మీకు అంత ఓపిక ఉంటేనే ఆ దారి పట్టండి.

ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ ఉంటే మ్యాప్‌కి నిలకడైన ఒత్తిడి దొరకడం కష్టం, ఆల్ఫా-ఎన్ మేలు.

సమస్య: టర్బో బండి, గేర్ మార్చగానే తడబాటు

థ్రాటిల్ మూయగానే టర్బో మిగులు గాలిని వదిలే బ్లో-ఆఫ్ వాల్వు దాన్ని బయటికి పంపేస్తోంది, మ్యాఫ్ ఆ గాలిని అప్పటికే లెక్కేసింది, పెట్రోల్ ఎక్కువ పడుతుంది. తిరిగి ఇంటేక్‌లోకి పోయే వాల్వు వేయండి. పెద్ద టర్బోతో మ్యాఫ్ సిగ్నల్ గరిష్ఠమైన 5 వోల్టులకి చేరి అక్కడే ఆగిపోతుంటే మాత్రం 3 బార్ దాకా కొలిచే మ్యాప్‌కి మారడం న్యాయమే. 1 బార్ సెన్సర్‌కి బూస్ట్ (టర్బో తోసే అదనపు ఒత్తిడి) కనిపించదు.

సమస్య: ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని బయటపడగానే కుదుపులు

మ్యాప్ బండ్లలోనే ఎక్కువ. గాలి ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ మానిఫోల్డ్ వేడికి తానే కాగి, గాలి పలచబడిందని ఈసీయూని నమ్మిస్తుంది, పెట్రోల్ తగ్గుతుంది. సెన్సర్‌ని థ్రాటిల్ ముందున్న పైపులోకి మార్చండి.

సమస్య: అరకు ఘాట్ ఎక్కేకొద్దీ పెట్రోల్ వాసన, బరువెక్కిన ఇంజన్

ఆల్ఫా-ఎన్ బండి. థ్రాటిల్ అంతే తెరిచినా పైన గాలి పలచన, ఈసీయూ మాత్రం సముద్రమట్టం దగ్గర పోసినంతా పోస్తుంది. బయటి ఒత్తిడి కొలిచే బారో సెన్సర్ పెట్టి, లెక్కలో కలపాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆర్కే బీచ్ దగ్గర చూస్తే దాదాపు 101 కిలోపాస్కల్ ఉండాలి. అరకులో అదే 91 దగ్గరికి రావాలి. అక్కడ కూడా 101 చూపిస్తే వైరు కలిపారు గానీ ఈసీయూ సెట్టింగ్స్‌లో ఆ సెన్సర్‌ని ఆన్ చేసి ఉండకపోవచ్చు.